పొద్దుటి ఇరవై నిమిషాలు

మరిది చెప్పులు వేసుకుంటున్నాడు.

ఆ ఉదయం ఆ వార్డులో అంతకన్నా పెద్ద సంగతేమీ జరగలేదు. మంచం అంచున కూర్చుని, ఎవరి సాయమూ లేకుండా వంగి, రెండు కాళ్ళకీ చెప్పులు తొడుక్కున్నాడు. ఆయాసం లేదు. దగ్గు లేదు. ఎదురుగా నిలబడి చూస్తున్న పెద్దకోడలికి మాత్రం కడుపు రగిలిపోయింది.

అన్నదమ్ములిద్దరూ పోయిన వారం ఒకే వ్యాన్‌లో ఊరెళ్ళారు, ఒకే వ్యాన్‌లో తిరిగొచ్చారు. ఇద్దరికీ ఒకే రోజు జ్వరం తగిలింది. ఒకే ఆసుపత్రిలో, ఒకే వార్డులో, పక్కపక్క మంచాల మీద చేరారు. ఇద్దరి ఒంట్లో ఉన్న వైరస్ కూడా ఒకటేనని కాగితం మీద రాసి మరీ ఇచ్చారు. ఇవాళ్టికి ఐదో రోజు. చిన్నవాడు ఇంటికెళ్తున్నాడు. పెద్దవాణ్ణి నిన్న సాయంత్రం ఆక్సిజన్ మాస్కు తగిలించి పై అంతస్తులో అద్దాల గదిలోకి మార్చారు.

చిన్నకోడలు మొగుడి బట్టలు సంచిలో సర్దుతోంది. మడతపెట్టిన తువ్వాలునే విప్పి మళ్ళీ మడతపెడుతోంది. సంతోషం బయటికి కనపడకుండా జాగ్రత్త పడుతోందని పెద్దకోడలికి అర్థమైంది. కనపడితే ఒక బాధ, కనపడకుండా దాచితే ఇంకో బాధ.

"వదినా, అన్నయ్య ఎలా ఉన్నాడు?" అన్నాడు మరిది.

"ఎలా ఉంటారు? నీలాగా చెప్పులేసుకునేట్టు లేరు."

మరిది తల దించుకున్నాడు. పాల వ్యాను నడుపుకునే నెమ్మదైన మనిషి, ఎదురు మాట్లాడటం చేతకాదు. ఆ నెమ్మది చూసినా ఆమెకి ఒళ్ళు మండింది. ఇతను ఏం పుణ్యం చేసుకున్నాడు, ఆయన ఏం పాపం చేశాడు? ఆయన ఓడరేవులో క్రేను నడుపుతాడు. వీధిలో అందరూ క్రేనాయన అంటారు. పదమూడు అంతస్తుల ఎత్తున, మనిషి పట్టేంత గాజు క్యాబిన్‌లో కూర్చుని, కిందనున్న లారీ మీద కంటెయినరు చప్పుడు కాకుండా దించగల మనిషి. రోజూ ఎత్తు ఎక్కి దిగే మనిషికి ఊపిరితిత్తులు పాడవడమేమిటి, రోజంతా వ్యాన్‌లో చేరగిలబడేవాడికి నయం కావడమేమిటి?

"అక్కా, మీరు పొద్దుట్నించీ ఏమీ తినలేదు," అంది చిన్నకోడలు.

"నా సంగతి నువ్వు చూడక్కర్లేదు. నీ మొగుడిని చూసుకో. నీకు ఇంటికి తీసుకెళ్ళడానికి మొగుడున్నాడు."

సరిగ్గా అప్పుడే నర్సు వచ్చి గుమ్మంలో నిలబడింది. "క్రేన్ ఆపరేటరు గారి తాలూకు ఎవరు? డాక్టరమ్మ పైకి రమ్మంటున్నారు."

పెద్దకోడలు బయల్దేరింది. పిలవకుండానే చిన్నకోడలు వెనకాలే వచ్చింది. పెద్దకోడలు వెనక్కి తిరిగి చూడలేదు.

*

డాక్టరమ్మ చిన్న వయసుది. ఆ గదిలో కాగితాలూ, ఎవరూ తాగని టీ కప్పులూ తప్ప ఇంకేమీ లేవు.

"నిన్న ఒకసారి అడిగాను. ఇవాళ మళ్ళీ అడుగుతున్నాను, కోపం తెచ్చుకోకండి," అంది. "ఆయనకి షుగర్ ఎన్నాళ్ళ నుంచి ఉంది?"

"లేదన్నాను కదండీ. కంపెనీ వాళ్ళు ఏటా రక్తం తీసి పరీక్ష చేయిస్తారు. షుగర్ ఉంటే క్రేను ఎక్కనివ్వరు. ఆరేళ్ళ కాగితాలు మా బీరువాలో ఉన్నాయి. ఒక్కదాంట్లో కూడా ఎర్ర గీత లేదు."

"ఆ కాగితాల సంగతి నాకు తెలియదు. ఇది చూడండి." డాక్టరమ్మ ఒక కాగితం తిప్పి ముందుకి జరిపింది. "మేమిచ్చే మందు వల్ల షుగర్ పెరిగిందేమో అని నిన్నటి దాకా అనుకున్నాం. ఊపిరితిత్తుల వాపు తగ్గడానికి ఇచ్చే మందు షుగర్‌ని పెంచుతుంది. కానీ ఈ పరీక్ష మూడు నెలల సగటు చెప్తుంది. ఆరు లోపల ఉండాలి. ఈయనకి పదకొండు. ఇది ఈ జ్వరంతో వచ్చింది కాదు. ఏళ్ళ తరబడి ఉన్నది."

పెద్దకోడలు ఆ పదకొండు అంకె వైపు చూసింది. ఎవరిదో కాగితం పొరపాటున ఇక్కడికి వచ్చి ఉంటుందనుకుంది.

"మరి మా మరిదో? అదే జ్వరం కదా. అతను ఇంటికెళ్ళిపోతున్నాడు."

"ఆయనకి షుగర్ లేదు. తేడా అక్కడే ఉందనుకుంటున్నాను. షుగర్ ఉన్నవాళ్ళందరికీ ఇలా అవుతుందని కాదు, చాలామంది మామూలుగా లేచి ఇంటికెళ్తారు. కానీ ఎక్కువ కాలం అదుపు తప్పి ఉంటే ఇలాంటి జ్వరంతో ఒళ్ళు పోట్లాడలేదు. ఊపిరితిత్తుల దాకా తొందరగా దిగిపోతుంది. కిడ్నీలు కూడా అలిసిపోతాయి. ఈయనకి అలిసిపోతున్నాయి." డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "ఎన్నేళ్ళుగా ఉంది, ఏ మాత్రలు వాడుతున్నారు, ఇదివరకు కిడ్నీ పరీక్షలు ఎలా వచ్చాయి, ఇవి తెలియకుండా నేను గుడ్డిగా మందులివ్వలేను. ఆయన్ని అడిగితే షుగర్ లేదని తల అడ్డంగా తిప్పుతున్నారు. మీరు భార్య. మీకు తెలియకుండా ఎలా ఉంటుందండీ?"

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. ఇరవై రెండేళ్ళ కాపురం. ఆయన ఎడమ చెవి కొంచెం తక్కువ వినపడుతుందని తెలుసు. కొత్త చొక్కా అయితే మొదట లోపలి వైపు తిప్పి చూస్తాడని తెలుసు. ఒంట్లో ఏముందో తెలియకుండా ఎలా ఉంటుంది?

లేదని మరోసారి చెప్పబోతూ ఎందుకో వెనక్కి తిరిగింది. గుమ్మం దగ్గర చిన్నకోడలు నిలబడి ఉంది. చిన్నకోడలు రోజూ పరీక్షల ల్యాబులో మనుషుల చేతుల్లోంచి రక్తం తీసే మనిషి. ఇంట్లో అందరూ సూదమ్మ అని ఆటపట్టిస్తారు. పదకొండు అంకె విని ఆశ్చర్యపోవాల్సింది ఆమే. ఆమె మాత్రం నేల వైపు చూస్తోంది.

పెద్దకోడలికి ఇరవై నిమిషాలు గుర్తొచ్చాయి.

*

ఆ ఇరవై నిమిషాలు ఆరేళ్ళుగా ఆమె కంట్లో నలుసు. కంపెనీ బస్సు మరిది వాళ్ళ వీధి చివర ఆరింటికి ఆగుతుంది. ఆయన ఐదూ నలభైకే అక్కడ ఉంటాడు. బస్సు తమ వీధిలో కూడా ఆగుతుంది కదా, అక్కడిదాకా నడిచి వెళ్ళడమెందుకని అడిగితే, అక్కడైతే కిటికీ సీటు దొరుకుతుందన్నాడు. రోజంతా ఆకాశంలో గాజు పెట్టెలో కూర్చునే మనిషికి బస్సులో కిటికీ కావాలిట. ఆ వేళకి మరిది పాల వ్యాన్‌తో వీధులు తిరుగుతుంటాడు. ఇంట్లో ఉండేది పిల్లలూ, సూదమ్మా.

మాట పెదవి దాకా వచ్చి ఎన్నిసార్లు మింగిందో. మొన్న జ్వరానికి రెండు రోజుల ముందు మింగలేక అడిగేసింది. ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆ తరవాత ఇద్దరికీ మాటల్లేవు. మాటలు మొదలవకముందే జ్వరం వచ్చింది.

"రా," అంది పెద్దకోడలు, డాక్టరు గది దాటగానే. చిన్నకోడలి మణికట్టు పట్టుకుని మెట్ల దగ్గరికి లాక్కెళ్ళింది. లిఫ్టు ఉండటంతో ఆ మెట్లు ఎవరూ ఎక్కరు. నేల తుడిచే ఆవిడ మాత్రం పై మెట్టు మీద కూర్చుని ఫోను చూసుకుంటోంది. వీళ్ళ మొహాలు చూసి బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది.

"చెప్పు."

"ఏం చెప్పమంటారక్కా?"

"ఆరేళ్ళుగా నా మొగుడు పొద్దున్నే మీ ఇంట్లో ఏం చేస్తున్నాడో చెప్పు."

చిన్నకోడలు గోడకి ఆనుకుంది. కింద ఎక్కడో తలుపు తెరుచుకుని మూసుకున్న చప్పుడు వినపడింది.

"వేలు గుచ్చి షుగర్ చూసేదాన్ని," అంది చివరికి. "పుస్తకంలో రాసేదాన్ని. మాత్ర ఇచ్చేదాన్ని. వేసుకుని గ్లాసుడు నీళ్ళు తాగి బస్సెక్కేవారు. అంతే అక్కా."

అంతేట. ఆరేళ్ళు పెద్దకోడలు ఊహించుకున్నది ఇంకొకటి. అదే అయి ఉంటే జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చేది, నలుగురినీ పోగేసేది, పుట్టింటికి కబురు పెట్టేది. దానికి ఏం చెయ్యాలో ప్రతి ఆడదానికీ తెలుసు. మొగుడు తన రోగాన్ని తీసుకెళ్ళి ఇంకో ఇంట్లో దాచుకుంటే ఏం చెయ్యాలి? ఏం పట్టుకుని ఈడ్చాలి?

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు భయపడతారన్నారు."

"ఇంకా?"

"వదిలెయ్యండక్కా."

"ఇంకా ఏమన్నారు?"

"మా ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు, వారంలో కంపెనీ దాకా వెళ్తుందన్నారు."

పెద్దకోడలు మెట్టు మీద కూర్చుంది. అది అబద్ధం కాదని ఆమెకే తెలుసు, అందుకే అంత మండింది. బేకరీలో కేకుల మీద క్రీము పూస్తూ పక్కనున్న ఆడవాళ్ళతో ఇంటి సంగతులన్నీ చెప్పుకునే మనిషే తను. అక్కడ పని చేసే వాళ్ళలో ఒకావిడ మొగుడు ఓడరేవులోనే పని చేస్తాడు.

బేకరీ అనుకోగానే ఇంకోటి తట్టింది. పెద్ద కేకులు గుండ్రంగా కోసినప్పుడు మిగిలే అంచులు రోజూ సాయంత్రం డబ్బాలో పెట్టుకుని ఆయన కోసం తెచ్చేది. ఆయన రాత్రి తినేవాడు కాదు. పొద్దున పైన క్యాబిన్‌లో టీతో తింటానని డబ్బా పట్టుకెళ్ళేవాడు. సాయంత్రానికి ఖాళీ డబ్బా వచ్చేది, శుభ్రంగా కడిగి. ఆ కడగడం చూసి ఎంత మురిసిపోయేది.

"మరి కేకు?"

చిన్నకోడలు మొహం తిప్పుకుంది. "మా పిల్లలు తినేవాళ్ళక్కా."

"ఆరేళ్ళూ?"

"ఆరేళ్ళూ."

"మీ చిన్నాడి పళ్ళు పుచ్చిపోయాయంటే నేనే కదే జాలిపడ్డాను. పంటి డాక్టరు దగ్గరికి నేనే కదే తీసుకెళ్ళాను."

ఇంకెప్పుడైనా అయితే ఇద్దరూ నవ్వేవాళ్ళు. చిన్నకోడలి పెదవి ఒకసారి కదిలింది కూడా. పెద్దకోడలు ఆ కదలిక చూసి లేచి నిలబడింది.

"మరి కంపెనీ పరీక్షలు? ఆ ఆరు కాగితాలూ?"

ఈసారి కూలబడ్డది చిన్నకోడలు. కంపెనీ మనుషులందరూ ఏటా రక్తమిచ్చేది ఆమె పని చేసే ల్యాబులోనే. సూది గుచ్చేదీ, గొట్టం మీద పేరు అంటించేదీ ఆమే.

"ఆ రక్తం మీ మరిదిది," అంది.

"అతనికి తెలుసా?"

"తెలియదు. ఏడాదికోసారి మీ ఒళ్ళు ఎలా ఉందో చూస్తానని మా ఆయన దగ్గర తీసేదాన్ని. మొదటి ఏడు బావగారు నా కాళ్ళ మీద పడబోయారక్కా. క్రేను దించేస్తే నేను కింద నిలబడి తాళ్ళు లాగాలమ్మా, నన్ను పైనుంచి దించకు అన్నారు. ఒక్క ఏడే అనుకున్నాను. మాత్రలతో తగ్గాక మానేద్దామనుకున్నాం. తగ్గలేదు. ఈ ఏడు ఇన్సులిన్ మొదలుపెట్టాలన్నారు బావగారిని చూసే డాక్టరు. ఆయన వినలేదు."

పెద్దకోడలికి ఒక్కసారిగా ఒళ్ళంతా తేలికైంది. చిన్నకోడలి ఉద్యోగం ఇప్పుడు తన గుప్పిట్లో ఉంది. ఒక్క మాట చాలు. ఆ తెల్లకోటూ, ఆ సూదులూ, వీధిలో అందరూ మా పాపకి నొప్పి తెలియకుండా తీసిందని పొగిడే ఆ పేరూ, అన్నీ ఒక్క మాటతో ఊడిపోతాయి. ఆ ఆలోచన తియ్యగా ఉంది. మొగుడు పై గదిలో ఊపిరి కోసం కొట్టుకుంటుంటే ఇలాంటిది తియ్యగా ఉందేమిటని సిగ్గేసింది, అయినా తియ్యగానే ఉంది.

చిన్నకోడలి ఫోను మోగింది. "మీరు కింద కూర్చోండి, వస్తున్నాను," అని మొగుడికి చెప్పి పెట్టేసింది. కళ్ళు తుడుచుకుని చేతిసంచిలోంచి ఒక చిన్న నోటుపుస్తకం తీసింది. మూలలు నలిగి, అట్ట మీద నూనె మరకలున్నాయి.

"చెప్పేద్దామనే తెచ్చానక్కా. నాలుగు రోజులుగా సంచిలోనే ఉంది. పిల్లల మీద ఒట్టు వేయించుకున్నారు, అందుకని..."

పెద్దకోడలు ఆ పుస్తకాన్ని లాక్కుంది. "నేనిస్తాను. నువ్వు లోపలికి రాకు."

*

డాక్టరమ్మ పేజీలు తిప్పుతుంటే ఆమె మొహం మారింది. తారీఖులు, అంకెలు, మాత్రల పేర్లు, మార్చిన రోజులు, కిడ్నీ పరీక్షలు, ఆరేళ్ళవీ ఉన్నాయి. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

"మాకు కావలసినవన్నీ ఇందులో ఉన్నాయి. ఎవరు రాశారండీ?"

"నేనే," అంది పెద్దకోడలు.

తనకి తెలియకుండానే వచ్చేసింది ఆ మాట. చిన్నకోడలిని కాపాడాలని కాదు, అలాంటి ఉద్దేశమే లేదు. ఆ ముత్యాల అక్షరాలు ఇంకొకరివని ఇంకో మనిషికి తెలియడం ఆమె భరించలేకపోయింది.

"మరి ఇందాక లేదన్నారు?"

"భయపడ్డాను."

డాక్టరమ్మ నిట్టూర్చింది. తిట్టడానికి వ్యవధి లేదన్నట్టు పుస్తకం మీదకి వంగింది. "సరే. ఒక్కటి చెప్పండి, సరిగ్గా చెప్పండి. ఈ మాత్రలు ఆసుపత్రిలో చేరాక కూడా వేసుకున్నారా? మాకు తెలియకుండా?"

పెద్దకోడలు పుస్తకం వైపు చూసింది.

"ఎందుకడుగుతున్నానంటే, ఇందులో ఒక మాత్ర కిడ్నీలు బాగున్నప్పుడు మంచిదే. కిడ్నీలు దెబ్బతిని, ఆక్సిజన్ తగ్గినప్పుడు ఒంట్లో పేరుకుపోయి రక్తాన్ని పాడుచేస్తుంది. ఇవాళ ఆయన రక్తంలో అలాంటి గుర్తు కనపడుతోంది. మాత్ర వల్లా, జ్వరం వల్లా అన్నది తేలితే మందు మారుతుంది. ఈ పొద్దున వేసుకున్నారా, లేదా?"

లేదు అనే మాట పెద్దకోడలి నాలుక చివరి దాకా వచ్చింది. పుస్తకం రాసిన మనిషికి ఆ మాత్రం తెలిసి ఉండాలి. కానీ ఆమె కళ్ళ ముందు ఇంకేదో కదిలింది. రోజూ పొద్దున్నే చిన్నకోడలు మొగుడికి నీళ్ళ సీసా ఇచ్చి, ఇంకో సీసా పట్టుకుని బావగారి మంచం వైపు వెళ్ళేది. ఇవాళ కూడా నర్సుని బతిమాలి పై గదిలోకి వెళ్ళొచ్చింది. తను అది చూసింది, పళ్ళు కొరుక్కుంది, సీసాతో పాటు చేతిలో ఇంకేం ఉందో మాత్రం చూడలేదు.

ఇప్పుడు అబద్ధమాడితే పరువు నిలబడుతుంది. ఆయన నిలబడతాడో లేదో.

"నాకు తెలియదండీ," అంది. "అది రాసింది నేను కాదు."

లేచి వెళ్ళి తలుపు తీసింది. చిన్నకోడలు గోడ దగ్గరే నిలబడి ఉంది.

"రా లోపలికి. నీకే తెలుసు."

చిన్నకోడలు వచ్చింది. అడిగిన ప్రతిదానికీ తడుముకోకుండా చెప్పింది. రోజుకి రెండు చొప్పున, నీళ్ళ సీసాతో పాటు. ఈ పొద్దున ఆరున్నరకి ఒకటి. కిడ్నీకి పడదని తనకి తట్టలేదు. షుగర్ పెరుగుతోందని ఆయనే కళ్ళతో సైగ చేసి అడిగారు, ఇచ్చింది. చెప్తూ చెప్తూ ఏడ్చేసింది. డాక్టరమ్మ చడామడా తిట్టింది, ల్యాబులో పని చేస్తూ ఇంత తెలివితక్కువ పనేమిటని. తిడుతూనే ఫోనెత్తి అద్దాల గదికి, కిడ్నీకి పడని రెండు మందులు ఆపమని, ఇన్సులిన్ డ్రిప్పు పెట్టమని చెప్పింది.

"ఇంతకీ మీరేమవుతారు పేషెంటుకి?"

"ఆయన తమ్ముడి భార్యనండీ."

డాక్టరమ్మ ఒకసారి పెద్దకోడలి వైపు చూసి వెంటనే కళ్ళు దించేసుకుంది. ఆ చూపులో జాలి ఉంది. దానికన్నా చెంప మీద కొట్టినా బాగుండేది.

ల్యాబులో రక్తం గొట్టాల మీద పేర్లు మారిన సంగతి మాత్రం పెద్దకోడలు చెప్పలేదు. చిన్నకోడలు ఎదురుచూసింది, అయినా చెప్పలేదు. అది మంచితనమనుకుంటే పొరపాటు. అవసరానికి దాచుకుంది.

*

పది నిమిషాలు కాకముందే నర్సు పరిగెత్తుకుంటూ వచ్చింది. "ఇన్సులిన్ అనగానే చెయ్యి లాగేసుకున్నారు మేడమ్. గొట్టం పీకేశారు. కాగితంలో ఎక్కితే క్రేను పోతుందని గొణుగుతున్నారు. షుగర్ నాలుగు వందల ఇరవై."

"అలా పెనుగులాడితే ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది," అంది డాక్టరమ్మ. "మీలో ఒక్కరు లోపలికి వెళ్ళి నచ్చచెప్పండి. ఒక్కరే, ఐదు నిమిషాలే. ఆయన్ని మాట్లాడనివ్వకండి."

ఇందులో అడగడానికేముంది? పెద్దకోడలు గౌను తొడుక్కుంది. నర్సు వెనక ముడివేసింది. అద్దాల తలుపు దగ్గరికి వెళ్ళేసరికి ఆయన ఇటే చూస్తున్నాడు. వారం రోజుల గడ్డం, మాస్కు కింద మొహం నల్లబడిపోయింది. ఆమె చెయ్యెత్తింది.

ఆయన ఆమెని చూశాడు. చూసి, గోడ వైపు తిరిగిపోయాడు.

పక్కనున్న మిషన్‌లో ఆక్సిజన్ అంకె ఎనభై ఎనిమిది నుంచి ఎనభై ఆరుకి దిగింది.

తను వెళ్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు. తెలిసిపోయిందన్నమాట అనుకుంటాడు. సిగ్గుతో ఇంకా ముడుచుకుంటాడు. తను ఏడుస్తుంది, ఆయన మొండికేస్తాడు, ఐదు నిమిషాలూ అయిపోతాయి. ఇరవై రెండేళ్ళలో ఇది మాత్రం బాగా తెలిసింది.

వెనక్కి చెయ్యి పెట్టి ముడి తనే విప్పుకుంది. గౌను తీసి చిన్నకోడలి చేతుల్లోకి తోసింది.

"నువ్వెళ్ళు. నీ మాట వింటాడు."

"అక్కా, మీరుండగా నేను..."

"వెళ్ళమన్నానా. ఇన్సులిన్ మాట ఒక్కటే చెప్పు. ఇంకో మాట మాట్లాడావంటే ఊరుకోను."

చిన్నకోడలు లోపలికి వెళ్ళింది. పెద్దకోడలు అద్దానికి నుదురు ఆనించి నిలబడింది. లోపలి మాటలు వినపడవు, మనుషులు మాత్రం కనపడతారు.

మొదట ఆయన తల అడ్డంగా ఊపాడు. చిన్నకోడలు గట్టిగా ఏమీ అన్నట్టు లేదు. మంచం పక్కన వంగి చెయ్యి చాపింది. ఆయన ఆమె వైపు చూడకుండానే తన చెయ్యి ఇచ్చాడు, నడిమి వేలు ముందుకి పెట్టి. రోజూ ఇచ్చే వేలు. అలవాటు పడ్డ వేలు. పెద్దకోడలు కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి ఆయన తల నిలువుగా ఊపుతున్నాడు. నర్సు సూది సర్దుతోంది. గొట్టంలోకి మందు దిగుతోంది.

బతుకుతాడు అనుకుంది. బతకనీ, ఎవరి మాట విని బతికితేనేం అనుకుంది. అలా అనుకోగలిగినందుకు ఒక్క క్షణం తన మీద తనకే గౌరవం కలిగింది.

అప్పుడు ఆయన మాస్కు పక్కకి జరిపాడు.

నర్సు వారించబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు. చిన్నకోడలు చెవి దగ్గరగా వంచింది. ఆయన మాట్లాడాడు. మాట్లాడకూడని మనిషికి అది చాలా ఎక్కువ మాట. పెదవులు కదిలాయి, ఆగాయి, ఊపిరి పీల్చుకుని మళ్ళీ కదిలాయి. చిన్నకోడలు ఒకసారి తలెత్తి అద్దం వైపు చూసి, చప్పున కళ్ళు తిప్పేసుకుంది. అవునన్నట్టు తలూపింది. మళ్ళీ ఊపింది.

ఐదు నిమిషాలు అయ్యాయి. చిన్నకోడలు బయటికొచ్చింది. గౌను ముడి విప్పుకోబోతే చేతికి అందలేదు. పెద్దకోడలు సాయం చెయ్యలేదు.

"ఒప్పుకున్నారక్కా. ఇంక గొట్టం ముట్టుకోనన్నారు."

"చూశాను. ఆ తరవాత ఏమన్నారు?"

"ఏమీ లేదక్కా."

"మాస్కు తీసి మాట్లాడారు. నేను ఇక్కడే ఉన్నాను, నాకు కళ్ళున్నాయి. ఏమన్నారు?"

చిన్నకోడలు గౌను అంచు నలుపుతూ నిలబడింది. మెట్ల మీద అన్నీ చెప్పేసిన మనిషి, డాక్టరు ముందు తడుముకోకుండా చెప్పిన మనిషి, ఇప్పుడు మాట కోసం వెతుక్కుంటోంది.

"అది మీకు చెప్పొద్దన్నారక్కా," అంది.